టెంపో ఓనరు ఇస్తానన్న రెండు లక్షలు తీసుకోవచ్చా?

ప్రశ్న: మాది చిత్తూరు. పన్నెండేళ్లుగా బెంగళూరు కాడుగోడిలో ఉంటున్నాం. మా అబ్బాయికి 19 ఏళ్లు, ఇంజనీరింగ్ రెండో ఏడు. నిరుడు లైసెన్స్ వచ్చింది. ఏడు వారాల కిందట మా ఆయన పేరున ఉన్న కారులో స్నేహితుణ్ణి ఎక్కించుకుని చిత్తూరు వెళ్తుంటే, కోలారు జిల్లా నరసాపుర దగ్గర ఒక టెంపో అడ్డంగా వచ్చి గుద్దింది. టెంపో డ్రైవరు మీద కేసు నమోదైంది. మావాడికి తొడ ఎముక విరిగితే ఆపరేషన్ చేసి రాడ్ వేశారు. స్నేహితుడికి చిన్న దెబ్బలు. ఆస్పత్రి బిల్లు 6,40,000 అయింది. ఇంట్లో అందరికీ కలిపి ఉన్న మా 5 లక్షల హెల్త్ పాలసీ ఫ్యామిలీ ఫ్లోటర్‌లో 4,30,000 వచ్చింది, మిగతాది క్రెడిట్ కార్డు మీద కట్టాం. టెంపో ఓనరుది మా చిత్తూరు జిల్లా పలమనేరే. రెండు లక్షలిస్తాను, కేసు వద్దు, రాజీ అవుదాం అని మా బంధువులతో చెప్పిస్తున్నాడు. తీసుకోవచ్చా? అబ్బాయి చదువుకని దాచిన 4 లక్షల ఎఫ్‌డీ తీసేసి కార్డు అప్పు కట్టేయాలా? కారు రిపేరుకు 1,40,000 అవుతుందట. క్లెయిమ్ పెడితే ప్రీమియంలో తగ్గింపుగా వచ్చే నో క్లెయిమ్ బోనస్ పోతుందని మా ఆయన వెనకాడుతున్నారు.

జవాబు: అమ్మా, పిల్లాడు ప్రాణాలతో బయటపడ్డాడు, అది చాలు అనిపిస్తుంది ఇలాంటప్పుడు. సరిగ్గా ఆ మనసు మీదే రాజీ మాటలు పనిచేస్తాయి. అందుకే ముందు మీరు రాసిన అంకెలే తీసుకుని కూర్చుందాం.

మీ జేబులోంచి ఇప్పటికే 2,10,000 పోయింది. అంటే ఆయన ఇస్తానన్న రెండు లక్షలు జరిగిపోయిన ఖర్చుకే చాలవు. రాబోయేది చూడండి. ఫిజియోథెరపీ 40 సార్లు, సారికి 600 అనుకున్నా 24,000. రాడ్ తీయాల్సి వస్తే ఆ ఆపరేషన్‌కు 80,000 వేసుకుందాం. అసలు అంచనా మీ డాక్టరు చేత లెటర్‌హెడ్ మీద రాయించుకోండి. మీరో, మీ ఆయనో రెండు నెలలు జీతం లేని సెలవు పెట్టి పిల్లాణ్ణి చూసుకుంటే, నెలకు 38,000 చొప్పున 76,000. ఆస్పత్రికి ఆటోలు, క్యాబులు ఒక 11,000. ఇవే 1,91,000. పాతదానితో కలిపితే నాలుగు లక్షలు దాటింది. పోయిన సెమిస్టరు ఫీజు, పిల్లాడు పడ్డ నొప్పి, రేపు కాలు పూర్తిగా వంగకపోతే ఉద్యోగంలో పడే ఇబ్బంది ఇంకా ఈ లెక్కలోకి రానేలేదు.

కాబట్టి తీసుకోవద్దు. కనీసం ఇప్పుడు తీసుకోవద్దు. రెండు నెలలైనా గడవని తొడ ఎముక ఎలా అతుక్కుంటుందో ఎవరూ తేల్చి చెప్పలేరు. గాయం ఎంతో తెలియకముందే దానికి రేటు కట్టడమేమిటి?

నాకు ఇంకో అనుమానం కూడా ఉంది. టెంపోకు ఇన్సూరెన్స్ సరిగ్గా ఉంటే పరిహారం కట్టాల్సింది ఆ కంపెనీ, ఓనరు కాదు. మరి ఆయనకు ఇంత తొందర ఎందుకు? పోలీసు కేసు భయం కావచ్చు. ఇన్సూరెన్స్ అయిపోయి ఉండొచ్చు, డ్రైవరుకు లైసెన్స్ లేకపోయి ఉండొచ్చు. ఎం పరివాహన్ యాప్‌లో బండి నంబరు కొట్టి చూడండి, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉందో కనిపిస్తుంది. లేదని తేలితే ఆ రోజే లాయరుకు చెప్పండి. పరిహారానికి సెక్యూరిటీ (పూచీ) కట్టకుండా టెంపోను విడిచిపెట్టొద్దని కోర్టును కోరవచ్చు.

పరిహారం కోసం మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో కేసు వేయాలి. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న మోటారు వాహనాల చట్టం సవరణ ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు వేయాలి. మీకు ఇంకా నాలుగు నెలల పైనే ఉంది గానీ, ఆ గడువు చివరి దాకా లాగకండి. ప్రమాదం కోలారు జిల్లాలో జరిగినా మీరు ఉండే బెంగళూరులోనే వేసుకోవచ్చు, ఇక్కడ స్మాల్ కాజెస్ కోర్టు ఈ కేసులు చూస్తుంది. అబ్బాయి మేజరు కాబట్టి లాయరుకు కేసు అప్పగించే వకాలత్ మీద సంతకం వాడిదే ఉండాలి. బంధువులు ఏదైనా కాగితం తెస్తే మీరు గానీ వాడు గానీ దాని మీద సంతకం పెట్టకండి. వచ్చిన దాంట్లో ఇంత శాతం అంటూ బేరం పెట్టే లాయరు వద్దు, అది బార్ కౌన్సిల్ నియమాలకే విరుద్ధం.

కాగితాల సంగతి. ఎఫ్ఐఆర్, ప్రమాదం జరిగిన చోట పోలీసులు రాసిన స్పాట్ మహజరు, గాయాల వివరాలుండే వూండ్ సర్టిఫికేట్, డిశ్చార్జ్ సమ్మరీ, ఎక్స్‌రేలు ఒక ఫైల్లో పెట్టండి. బిల్లులు ఇంకో ఫైల్లో. క్యాబ్ రసీదులు కూడా పారేయకండి. ఆఫీసు నుంచి జీతం కోత పడిందని లెటరు, కాలేజీ నుంచి సెమిస్టరు పోయిందని లెటరు తీసుకోండి. చికిత్స అంతా అయ్యాక వైకల్యం ఎంత శాతమో డాక్టరు చేత తేల్పించాలి. కాలికి 20 శాతం వైకల్యం ఉంటే సంపాదన కూడా 20 శాతమే తగ్గుతుందని కాదు, ఆ మనిషి చేసే పని మీద దాని ప్రభావం ఎంతో చూడాలి అని 2010లో రాజ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సైట్‌లో నిలబడాల్సిన సివిల్ ఇంజనీరుకూ, కుర్చీలో పనిచేసే వాడికీ తేడా ఉంటుంది. మీవాడి బ్రాంచి ఏమిటో లాయరుకు చెప్పడం మరచిపోకండి.

ఇక మీ హెల్త్ పాలసీ. ఇన్సూరెన్స్ కంపెనీ ఏయే మొత్తం ఎందుకు కోసిందో చూపే షీటు తెప్పించుకోండి. రూమ్ రెంట్ పరిమితి వల్ల కోత పడిందేమో చూడండి. రోజుకు 5,000 పరిమితి ఉన్నప్పుడు 9,000 గది తీసుకుంటే డాక్టరు ఫీజు, థియేటర్ ఛార్జీల్లాంటివి కూడా అదే నిష్పత్తిలో తగ్గిస్తారు. కానీ రాడ్ ఖరీదు, మందులు, స్కాన్లకు ఆ కోత వర్తించకూడదు. వాటినీ కోసి ఉంటే కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. నెల రోజుల్లో సరైన జవాబు రాకపోతే బీమా కంపెనీల మీద ఫిర్యాదులు వినే బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు, బెంగళూరులోనే ఆఫీసు ఉంది, ఖర్చు లేదు. డిశ్చార్జ్ తర్వాత రాసిన మందులు, ఫిజియో బిల్లులు చాలా పాలసీల్లో 60 నుంచి 180 రోజుల దాకా వస్తాయి. మీ 5 లక్షల్లో ఇంకా 70,000 మిగిలే ఉంది కదా!

మీ ఆయన ఆఫీసు గ్రూప్ పాలసీలో అబ్బాయి పేరు ఉందా? మీ ఉత్తరంలో ఆ మాటే లేదు. ఉంటే మొదటి కంపెనీ ఇచ్చిన సెటిల్‌మెంట్ లెటరు, బిల్లుల కాపీలు పెట్టి మిగిలిన 2,10,000కు అక్కడ క్లెయిమ్ చేయొచ్చు. ఈ వారమే హెచ్ఆర్‌ను అడగండి, ఆలస్యానికి కారణం ఒక పేజీలో రాసివ్వండి. కాలేజీ ఫీజు రసీదు కూడా తీసి చూడండి, స్టూడెంట్ ఇన్సూరెన్స్ అని ఏటా కొంత కడుతూ ఉండొచ్చు.

ఒకటి మాత్రం ఆశపడకండి. కారు పాలసీలో ఉండే 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ బండి ఎవరి పేరున ఉందో వాళ్లు నడుపుతున్నప్పుడే. కొడుకు నడిపితే వర్తించదు. చాలామంది తండ్రులకు ఈ సంగతి ప్రమాదం జరిగాకే తెలుస్తుంది.

క్రెడిట్ కార్డు అప్పును నెల కూడా మోయకండి, నెలకు మూడు, మూడున్నర శాతం వడ్డీ. ఎఫ్‌డీ మాత్రం తీయొద్దు. దాని మీదే బ్యాంకులో లోన్ అడగండి. ఎఫ్‌డీ వడ్డీ కంటే ఒకటి, రెండు శాతం ఎక్కువ తీసుకుంటారు, ఆ లోన్‌తో కార్డు మొత్తం కట్టేయొచ్చు. ఇన్సూరెన్స్ డబ్బు వచ్చినప్పుడల్లా లోన్‌కు జమ చేయండి. కోర్టు డబ్బుకు ఏళ్లు పట్టొచ్చు, దాన్ని నమ్ముకుని ఏ ఈఎంఐ పెట్టుకోకండి.

మీ కారు ఇన్సూరెన్స్ కంపెనీకి ప్రమాదం సంగతి తెలియజేయకపోతే ఈరోజే చెప్పండి. రిపేరు కోసమే కాదు. మీవాడి తప్పు కూడా కొంత ఉందని టెంపో తరఫువాళ్లు వాదిస్తారు, అది రుజువైతే వాడి పరిహారం ఆ మేరకు తగ్గుతుంది. ఆ స్నేహితుడి ఇంటివాళ్లు మీ కారు మీద కూడా క్లెయిమ్ వేయొచ్చు. అప్పుడు మీ కంపెనీయే చూసుకోవాలి.

ఇది చదివే మిగతా తల్లిదండ్రులకు ఒక మాట. ఇదే అబ్బాయికి 17 ఏళ్లయితే కథ వేరు. మోటారు వాహనాల చట్టం 2019 సవరణ ప్రకారం కారు ఇచ్చిన తండ్రికి మూడేళ్ల దాకా జైలు, 25,000 జరిమానా, బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ ఇవ్వరు. ఎదుటివాళ్లకు ఇన్సూరెన్స్ కంపెనీ కట్టిన డబ్బును తిరిగి తండ్రి దగ్గరే వసూలు చేస్తుంది.

చివరికి బోనస్ సంగతి. మీకు ఇప్పుడు 35 శాతం బోనస్ ఉందనీ, మీ కారు నష్టానికి కట్టే ఓన్ డ్యామేజ్ ప్రీమియం బోనస్ తగ్గించకముందు ఏటా 9,000 అనీ అనుకుందాం. క్లెయిమ్ పెడితే బోనస్ సున్నా నుంచి మళ్లీ మొదలవుతుంది. రాబోయే ఐదేళ్లలో మీరు అదనంగా కట్టేది అంతా కలిపి పదకొండు వేలు దాటదు. రిపేరు 1,40,000. మీ ఆయనకు ఈ రెండు అంకెలు చూపించి, ఇవాళే క్లెయిమ్ పెట్టించండి.