స్కోప్‌లోంచి వీడియో: కెమెరా ఎక్కడ, కన్ను ఎక్కడ?

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మేం శాన్ ఆంటోనియోలో ఉంటాం. మా అమ్మాయికి 15 ఏళ్లు. ఏడాదిగా 4-హెచ్ అనే పిల్లల క్లబ్బులో .22 (చిన్న తూటా) రైఫిల్ నేర్చుకుంటోంది. బెంచీకి ఆనించి 50 గజాల టార్గెట్ కొడుతుంది. రైఫిల్ మీద గురి చూసే స్కోప్ 4-12×40, అంటే జూమ్ 4 నుంచి 12 రెట్లు, ముందు అద్దం వెడల్పు 40 మిల్లీమీటర్లు. అందులో తనకు కనబడేదంతా వీడియో తీసి ఖమ్మంలో ఉన్న తాతయ్యకు పంపాలని దాని కోరిక. తప్పు ఎక్కడ జరుగుతోందో వీడియోలో పట్టుకోవచ్చని నా ఆశ. ఫోన్ బిగించే మౌంట్ ఒకటి కొన్నాను. తెర మీద రూపాయి బిళ్లంత బొమ్మ, చుట్టూ నలుపు తప్ప ఏమీ రాలేదు. ఏది కొనమంటారు?

జవాబు: మీ ఫోన్‌కీ, స్కోప్‌కీ ఏ లోపమూ లేదు. మీరు కొన్నది బహుశా బైనాక్యులర్‌కో, పక్షుల్ని చూసే స్పాటింగ్ స్కోప్‌కో చేసిన మౌంట్ అయ్యుంటుంది. వాటిలో కన్ను అద్దానికి 15, 20 మిల్లీమీటర్ల దగ్గరకు రావాలి. రైఫిల్ స్కోప్ అలా కాదు. తుపాకి వెనక్కి తన్నినప్పుడు కనుబొమ్మ చిట్లకూడదని 90 నుంచి 100 మిల్లీమీటర్ల ఎడం వదిలి చేస్తారు. కన్ను ఎక్కడుండాలో కెమెరా లెన్స్ కూడా అక్కడే ఉండాలి. అద్దానికి అతికించినట్టు పెడితే మీరు చూసిన రూపాయి బిళ్లే వస్తుంది.

కొత్తది కొనేముందు ఇంట్లో ఒక పని చేయండి. స్కోప్‌ను రైఫిల్ నుంచి విప్పండి. విప్పడం ఇష్టం లేకపోతే బోల్టు (తూటాను లోపలికి తోసే కడ్డీ) తీసేసి, తూటా కూర్చునే చాంబర్ ఖాళీగా ఉందని వేలు పెట్టి చూసుకోండి. స్కోప్ ముందు భాగాన్ని పగటి వెలుగున్న కిటికీ వైపు తిప్పి, వెనక అద్దం దగ్గర తెల్లకాగితం పట్టండి. కాగితం మీద గుండ్రటి వెలుగు పడుతుంది. కాగితాన్ని మెల్లగా వెనక్కి జరుపుతూ పోతే ఆ గుండ్రం చిన్నదవుతూ, ఒక చోట అంచు గీసినట్టు స్పష్టమవుతుంది. ఇంకా వెనక్కి జరిపితే మళ్లీ పలచబడి పరుచుకుంటుంది. ఆ స్పష్టమైన చోటికి అద్దం నుంచి ఎంత దూరమో స్కేలుతో కొలవండి. మౌంట్ మీ లెన్స్‌ను తెచ్చి నిలపాల్సింది సరిగ్గా అక్కడే. ఈ కొలత తీసుకోకుండా మౌంట్ కొనడమంటే కాలు కొలవకుండా చెప్పులు కుట్టించుకోవడమే.

ఆ వెలుగు గుండ్రం ఎంత వెడల్పుంటుందో లెక్క కట్టొచ్చు. ముందు అద్దం వెడల్పు 40ని జూమ్‌తో భాగించడమే. 4 మీద 10 మిల్లీమీటర్లు, 8 మీద 5, 12 మీద 3.3. 12 మీద పెడితే ఫోన్ వెంట్రుకవాసి పక్కకు జరిగినా తెరకు ఒక పక్క నెలవంకలా నలుపు కమ్ముతుంది. అందుకే 6, 8 మధ్య తీయండి. 50 గజాలకు అది చాలు.

ఇక అసలు విషయం, మౌంట్ రకం. మార్కెట్లో ఉన్నవి ప్రధానంగా రెండు రకాలు. మొదటిది ఫోన్‌ను నేరుగా స్కోప్ వెనక నిలబెడుతుంది. కాల్చేవాళ్లు ఫోన్ తెర చూసి గురి పెట్టాలి. దయచేసి మీ అమ్మాయికి ఇది పెట్టకండి. తెర మీద బొమ్మ క్షణంలో కొంత ఆలస్యంగా వస్తుంది. పైగా తెర చూడటానికి తల వెనక్కి లాక్కుంటే చెంప స్టాక్ (రైఫిల్ వెనక భాగం) మీద నుంచి లేస్తుంది. ఏడాదిగా కోచ్ నేర్పించిన చెంప, భుజం, ఊపిరి వరస అంతా నాలుగు ఆదివారాల్లో చెడిపోతుంది. వీడియో కోసం పిల్ల గురి అలవాటు పాడుచేసుకోవడం నాకు ఎంతమాత్రం ఒప్పుదల కాదు.

రెండో రకంలో ఐపీస్ (కంటి వైపు అద్దం ఉన్న కొస) వెనక చిన్న పెట్టె ఉంటుంది. అందులో 45 డిగ్రీల వాలున పాక్షికంగా పారదర్శకమైన అద్దం ఒకటి. వెలుగులో కొంత సూటిగా కంటికి పోతుంది, మిగతాది పైనో పక్కనో బిగించిన కెమెరాకు మళ్లుతుంది. అమ్మాయి ఎప్పటిలాగే తన కంటితో గురి చూస్తుంది, కెమెరా తన మానాన తను రికార్డు చేసుకుంటుంది. మీరు కొనాల్సింది ఇదే. దీనికీ ఇబ్బందులున్నాయి. బొమ్మ కాస్త మసకబారుతుంది. పెట్టె పొడవు కంటి ఎడంలోంచి పోతుంది. నా దగ్గరున్నది 60 మిల్లీమీటర్లు, అంటే 95లో మిగిలేది 35. తన్ను తక్కువ గనక .22కు పరవాలేదు. పెద్ద రైఫిల్‌కైతే వద్దంటాను. పెట్టె పెట్టాక అమ్మాయి మెడ సాచకుండా, ముడవకుండా చూడగలిగేలా స్కోప్‌ను రైఫిల్‌కు పట్టి ఉంచే రింగుల్లో ముందుకు జరపండి. బోల్టు ఎత్తినప్పుడు పిడి పెట్టెకు తగులుతుందేమో చూడండి. ఐపీస్ బయటి కొలత వెర్నియర్‌తో తీసి, పెట్టెను దానికి బిగించే రింగు ఆ సైజుదే తెప్పించండి. కొన్ని స్కోపుల్లో జూమ్ తిప్పితే ఐపీస్ మొత్తం తిరుగుతుంది. అలాంటి దానికి బిగిస్తే కెమెరా కూడా పక్కకు ఒరుగుతుంది, జూమ్ మార్చిన ప్రతిసారీ సరిచేసుకోవాల్సిందే.

ఖరీదైన ఫోన్ మాత్రం బిగించకండి. మా అల్లుడి .308 (పెద్ద తూటా) రైఫిల్ మీద అతని కొత్త ఫోన్ పెట్టి రెండు శనివారాలు తీశాం. మూడో వారం ఇంట్లో మనవరాలి పుట్టినరోజు తీస్తుంటే బొమ్మ గిన్నెలో నీళ్లలా అల్లాడింది. చేతి వణుకును సర్దడానికి లెన్స్‌ను కదిలే ఏర్పాటు మీద నిలిపే ఫోన్లలో ఈ బెడద ఉంటుంది. మోటార్‌సైకిల్ ఇంజన్ అదురుకే ఐఫోన్ కెమెరాలు దెబ్బతినొచ్చని 2021లో యాపిల్ కంపెనీయే హెచ్చరించింది. తెనాలిలో ముప్ఫై ఏళ్లు పెళ్లి వీడియోలు తీసినవాణ్ని, నాకు ముందే తట్టాల్సింది. .22 అంత అదరదు గానీ, డ్రాయర్లో పడున్న పాత ఫోనో చిన్న యాక్షన్ కెమెరానో వాడటం మేలు.

సెట్టింగుల్లో మూడు చూసుకోండి. రెండు మూడు లెన్సులున్న ఫోన్ తనంతట తను లెన్స్ మార్చుకుంటే తెర నల్లబడుతుంది, కాబట్టి ఒకే లెన్స్ మీద లాక్ చేయండి. టార్గెట్ మీద వేలు నొక్కి పట్టి ఫోకస్, వెలుగు రెండూ స్థిరం చేయండి. సెకనుకు 60 ఫ్రేములు పెట్టండి. మామూలు .22 తూటా 50 గజాలు పోవడానికి సెకనులో ఏడో వంతు పడుతుంది. అంటే ట్రిగ్గర్‌కూ కాగితం మీద చిల్లుకూ మధ్య మీకు ఎనిమిది, తొమ్మిది ఫ్రేములు దొరుకుతాయి.

మీకు పనికొచ్చేది మాత్రం చిల్లు కాదు, దానికి ముందున్న అర సెకను. కోచ్ ఎదుట, ఆయన అనుమతితో, మ్యాగజీన్‌లో అసలు తూటాల మధ్య ఒకటి రెండు డమ్మీలు (పేలని ఉత్తుత్తి తూటాలు) అమ్మాయికి తెలియకుండా వేయించండి. డమ్మీ దగ్గర ట్రిగ్గర్ పడ్డాక కూడా స్కోప్‌లో కనబడే గీతల కూడలి కదలకుండా నిలిస్తే మీ అమ్మాయి చెయ్యి బంగారం. కిందికి తటాలున దిగితే, చప్పుడుకు ముందే ఒళ్లు ఉలిక్కిపడుతోందన్నమాట. అసలు తూటా పేలినప్పుడు ఆ ఉలికిపాటు తన్నులో కలిసిపోయి కంటికి దొరకదు. ఆ క్లిప్ మీరు చూపించి చెప్పకండి, ఫోన్ దాని చేతికివ్వండి. తనే పట్టుకుంటుంది.

మరో మాట. కాల్పుల రేంజ్‌లో ‘సీజ్ ఫైర్’ (కాల్పులు ఆపండి) అన్నాక ఎవరూ తుపాకి ముట్టుకోకూడదు. దాని మీదున్న కెమెరా కూడా తుపాకి కిందే లెక్క. రికార్డింగ్ ఆపుదామని చెయ్యి చాచకండి. చేతి వాచీ నుంచి ఆపే ఏర్పాటు చేసుకోండి, లేదా దాన్నలా నడవనివ్వండి.

ప్రశ్న: హెచ్-1బి మీద హ్యూస్టన్‌లో ఉన్నాను. మిత్రుడి రైఫిల్‌కు ఇలాంటి మౌంట్ బిగించి రేంజ్‌లో నేను కాల్చి వీడియో తీసుకోవచ్చా?

జవాబు: మౌంట్ సంగతి తర్వాత, ముందు మీ సంగతి. మీలా తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు తుపాకి గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదని ఫెడరల్ చట్టం. రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్స్ చెల్లుబాటులో ఉండటం వంటి కొన్ని మినహాయింపులున్నాయి. ‘తుపాకి నాది కాదు, కాసేపు పట్టుకున్నానంతే’ అన్నది అక్కడ రక్షణ కాదు. ఇమిగ్రేషన్ లాయర్‌ను అడిగాకే చెయ్యి వేయండి నాయనా. వీసా పోగొట్టుకునేంత వీడియో ఏదీ లేదు.

ప్రశ్న: సూళ్లూరుపేట దగ్గర ఉంటాను. నేలపట్టులో గూడబాతుల్ని బైనాక్యులర్‌లోంచి ఫోన్‌తో తీయడానికి రైఫిల్ స్కోప్ మౌంట్ పనికొస్తుందా?

జవాబు: రాదమ్మా. పైన చెప్పిన ఎడమే కారణం. బైనాక్యులర్ మౌంట్ వేరే అడగండి. కంటి దగ్గరి రబ్బరు కప్పులు లోపలికి తిప్పేసి, బైనాక్యులర్‌ను ట్రైపాడ్ మీద బిగించి తీయండి. చేత్తో పట్టుకుని తీస్తే గూడబాతు కన్నా మీ గుండె కొట్టుకోవడమే ఎక్కువ కనబడుతుంది.