పూర్వికుల జాడ: ఒకే పేరున్న ఇద్దరు పసివాళ్లు

ప్రశ్న: పెళ్లి తరువాత నేను లెస్టర్‌లో స్థిరపడ్డాను. మావారు ఇంగ్లండ్‌వారే. పిల్లలకు వాళ్ల నాన్నగారి వైపు వంశం గురించి చెప్పాలని వెతకడం మొదలుపెట్టాను. మావారి తాతగారికి తాతగారు సఫోక్ కౌంటీలో వ్యవసాయ కూలీ. సెన్సస్‌లో ఆయన వయసు 1861లో 14, 1871లో 25, 1881లో 34 అని ఉంది. 1861లో ఆయన తల్లిదండ్రుల దగ్గర కాక ఒక రైతు ఇంట్లో పనివాడిగా కనిపిస్తున్నారు. పక్కపక్క పారిష్‌లలో (పారిష్ అంటే ఒక చర్చి పరిధిలోని ప్రాంతం) అదే పేరు, అదే ఇంటిపేరుతో ఇద్దరు పసివాళ్ల బాప్తిస్మాలు దొరికాయి. ఒకటి 1846 జూన్‌లో, మరొకటి 1847 ఫిబ్రవరిలో జరిగాయి. తండ్రుల పేర్లు వేరు. ఇంటర్నెట్‌లో ఎవరో పెట్టిన వంశవృక్షం కారణమేమీ చెప్పకుండా మొదటి పిల్లవాణ్ని తీసుకుని 1620ల వరకు వెళ్లింది. దాన్ని నమ్మవచ్చా?

జవాబు: ఆ వంశవృక్షాన్ని ప్రస్తుతానికి పక్కన పెట్టండి. అది తప్పని నేను అనడం లేదు. అయితే ఇద్దరిలో మొదటివాడినే ఎందుకు ఎంచుకున్నారో చెప్పలేదు కాబట్టి, అక్కడి నుంచి పైకి వేసిన ప్రతి మెట్టూ ఆ ఒక్క ఎంపిక మీదే ఆధారపడి ఉంది. ఆ ఎంపిక పొరపాటైతే మీ పిల్లలు వేరే కుటుంబపు ముత్తాతల పేర్లు కంఠస్థం చేస్తారు.

ముందు వయసుల లెక్క చూద్దాం. సెన్సస్‌లో రాసేది లెక్క తీసిన రాత్రికి నిండిన ఏళ్లు. 1861లో ఆ రాత్రి ఏప్రిల్ 7, 1871లో ఏప్రిల్ 2, 1881లో ఏప్రిల్ 3. 1861లో 14 నిండాయంటే ఆయన 1846 ఏప్రిల్ 8కీ 1847 ఏప్రిల్ 7కీ మధ్య పుట్టి ఉండాలి. 1881లో చెప్పిన 34 కూడా దాదాపు అదే కాలాన్ని చూపుతుంది. 1871 నాటి 25 మాత్రం దానికి ముందు ఏడాదికి పోతుంది, కానీ తన పుట్టినరోజు తనకే సరిగా తెలియని కూలివాడు ఎన్యూమరేటర్‌కు (ఇంటింటికీ తిరిగి సెన్సస్ రాసుకునే ఉద్యోగికి) చెప్పిన వయసులో ఒక ఏడాది తేడా రావడం మామూలే. మీకు దొరికిన ఇద్దరు పసివాళ్లూ ఈ లెక్కలో సరిపోతారు. అంటే వయసు ఇక్కడ ఏమీ తేల్చదన్నమాట.

తేల్చగలిగేది ఆయన పెళ్లి నమోదు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1837 జులై 1 నుంచి ప్రభుత్వ నమోదు మొదలైంది. ఆనాటి నుంచి ప్రతి వివాహ పత్రంలోనూ వరుడి తండ్రి పేరు, వృత్తి, వధువు తండ్రి పేరు, వృత్తి రాసే గడులు ఉన్నాయి. మీ ఇద్దరు పసివాళ్ల తండ్రుల పేర్లు వేరు కావడం మీ అదృష్టం. 1881 సెన్సస్‌లో ఆయన పెద్ద కొడుకు లేక కూతురి వయసు చూసి, అంతకు రెండు మూడేళ్ల ముందు నుంచి పెళ్లిని వెతకండి. చర్చిలో పెళ్లి జరిగి ఉంటే ఆ పారిష్ వివాహ రిజిస్టర్‌లో కూడా అవే వివరాలు ఉంటాయి. అయితే ఒక్క జాగ్రత్త అవసరం: వివాహేతర సంబంధంలో పుట్టినవారు కొన్నిసార్లు ఆ గడిని ఖాళీగా వదిలేవారు, కొన్నిసార్లు తమను పెంచిన తాత పేరో, సవతి తండ్రి పేరో చెప్పేవారు.

పెళ్లి పత్రంలో ఒక తండ్రి పేరు దొరికినా పని సగమే అయినట్టు. రెండో పిల్లవాడు ఏమయ్యాడో కూడా మీరు చెప్పగలగాలి. ఈ పనికి కొత్తగా వచ్చినవారు ఎక్కువగా వదిలేసేది ఇదే, నేను మొదట్లో వదిలేసిందీ ఇదే. ఒక కుటుంబానికి ఒక బాప్తిస్మం సరిపోయిందని రెండేళ్ల పాటు దానికి పై తరాలు చేరుస్తూ పోయాను. తరువాత ఒకరోజు ఆర్కైవ్స్‌లో అదే పారిష్ ఖననాల రిజిస్టర్ తిరగేస్తున్నాను. 1813 నుంచి వాడిన అచ్చు ఫారాలవి, పేజీకి ఎనిమిది నమోదులు: పేరు, నివాసం, ఖననం తేదీ, వయసు, క్రియ జరిపిన పాదిరి సంతకం. మూడో నమోదులో ఆ పిల్లవాడి పేరే ఉంది, నివాసం ఆ పల్లెటూరే, వయసు గడిలో పదకొండు వారాలు. నేను పెంచిన కొమ్మ మొత్తం ఆ పసివాడి సమాధి దగ్గర ఆగిపోయింది. అప్పటి నుంచి ఏ బాప్తిస్మం దొరికినా, ఆ పారిష్‌లోనూ చుట్టుపక్కల పారిష్‌లలోనూ తరువాతి పదిహేనేళ్ల ఖననాలు చూడనిదే దాన్ని ఎవరికీ అంటగట్టను. మీరు కూడా ముందు ఆ పని చేయండి.

ఇద్దరిలో ఎవరూ చిన్నతనంలో పోలేదనుకోండి, 1851 సెన్సస్ చూడండి. 1851 మార్చి 30 రాత్రికి ఇద్దరికీ నాలుగేళ్లే ఉండాలి కాబట్టి వయసు మళ్లీ సాయపడదు, కానీ ఇద్దరూ ఎవరి ఇంట్లో వారు తమ తమ తల్లిదండ్రులతో కనిపిస్తారు. అక్కడి నుంచి ఇద్దరినీ 1861, 1871, 1881ల వరకు వెంబడించండి. రెండోవాడు మరో ఊళ్లో మరో భార్యతో అదే రాత్రి నమోదై ఉంటే, అతను మీవారి పూర్వికుడు కాదని తేలిపోతుంది. పుట్టిన పారిష్ గడిని కూడా గమనించండి, కానీ అది తీర్పుగా పనికిరాదు. చాలామంది తాము పుట్టిన ఊరికి బదులు, గుర్తున్నంతవరకు పెరిగిన ఊరి పేరే చెప్పేవారు.

జనన నమోదులు కూడా తీయండి. జనన, మరణ, వివాహ నమోదులు చూసే ప్రభుత్వ కార్యాలయం జనరల్ రిజిస్టర్ ఆఫీసు తన ఆన్‌లైన్ సూచికలో 1837 నుంచే తల్లి పుట్టింటి ఇంటిపేరు ఇచ్చింది, కాబట్టి ఇద్దరు పసివాళ్లనూ తల్లుల ఇంటిపేర్లతో వేరుచేయవచ్చు. సూచికలు మూడు నెలలకొకటిగా ఉంటాయి. నమోదుకు 42 రోజుల గడువుండేది కాబట్టి, మే చివర పుట్టిన బిడ్డ జులై–సెప్టెంబర్ సూచికలో కనిపించవచ్చు. ఒక్కోసారి పుట్టుక అసలు దొరకదు. నమోదు చేయించని తల్లిదండ్రులపై జరిమానా 1875 నుంచి గానీ గట్టిగా అమలు కాలేదు.

ఇదంతా తేలాక 1813కు ముందున్న రిజిస్టర్లకు వెళ్లండి. 1538లో ఎనిమిదో హెన్రీ రాజు మంత్రి థామస్ క్రామ్‌వెల్ ఆదేశంతో పారిష్ రిజిస్టర్లు మొదలైనా, అంత పాతవి కొన్ని పారిష్‌లలోనే మిగిలాయి. వాటిలో బాప్తిస్మం అంటే తేదీ, బిడ్డ పేరు, తండ్రి పేరు. తల్లి పేరు రాశారంటే పాదిరికి మనం రుణపడి ఉండాలి. 1653 నుంచి 1660 వరకు నమోదు చర్చి చేతిలోంచి పోవడంతో ఆ కాలంలో ఖాళీలు ఎక్కువ. ఒక పుస్తకం పోయినా, చిరిగినా, పారిష్‌లు ఏటేటా బిషప్‌కు పంపిన నకళ్లు చూడండి. ఆ దుఃఖంలో మీకు మిగిలే ఆధారం చాలాసార్లు అదే.

కూలీ కుటుంబాల విషయంలో నాకు అన్నింటికంటే ఇష్టమైన ఆధారం సెటిల్‌మెంట్ కాగితాలు. 1662 చట్టం తరువాత, పేదవాడు సాయం కోరవలసి వస్తే ఏ పారిష్ పోషించాలో తేల్చేవారు. అందుకోసం మెజిస్ట్రేట్ల ముందు అతను తాను ఎక్కడ పుట్టాడో, ఏయే రైతుల దగ్గర ఏడాది పూర్తిగా జీతానికి ఉన్నాడో, పెళ్లెప్పుడయిందో చెప్పేవాడు. రాయడం రాని మనిషి మాటలను గుమస్తా రాసుకున్న ఆ ఒక్క కాగితం మూడు తరాలను కలిపేసిన సందర్భాలు చూశాను. సఫోక్ ఆర్కైవ్స్ కేటలాగ్‌లో మీ పారిష్ పేరుతో పేదల సంరక్షణ కాగితాల కోసం వెతకండి.

ప్రశ్న: మా అత్తగారి పూర్వికుడి వయసు 1841 సెన్సస్‌లో 30, 1851లో 44. పదేళ్లలో పద్నాలుగేళ్లు ఎలా పెరిగారు?

జవాబు: 1841 జూన్ 6 నాటి సెన్సస్‌లో పదిహేనేళ్లు దాటినవారి వయసును కిందనున్న ఐదు గుణిజానికి తగ్గించి రాయమని ఎన్యూమరేటర్లకు చెప్పారు. 34 ఏళ్ల మనిషి 30 అయింది అలాగే. అందరూ ఆ నియమం పాటించలేదు కాబట్టి 1841లో 32, 47 వంటి వయసులు కనిపించినా కంగారుపడకండి. ఆ సెన్సస్‌లో బంధుత్వం గడి లేదని మాత్రం మరచిపోవద్దు. ఆయన ఇంట్లో అదే ఇంటిపేరుతో ఉన్న 25 ఏళ్ల స్త్రీ భార్య కావచ్చు, చెల్లెలూ కావచ్చు. పుట్టిన చోటు కూడా ఆ కౌంటీలోనేనా, కాదా అన్నంతవరకే ఉంటుంది. బంధుత్వం, వైవాహిక స్థితి, పుట్టిన పారిష్ 1851లోనే వచ్చాయి.

ప్రశ్న: మా కుటుంబం వారి పెళ్లిళ్లన్నీ పారిష్ చర్చిలోనే దొరుకుతున్నాయి, 1780 నుంచి 1830 వరకు ఒక్క బాప్తిస్మం కూడా లేదు. అవి ఎక్కడ పోయాయి?

జవాబు: మీ కుటుంబంవారు ఇంగ్లండ్ అధికారిక చర్చి అయిన ఆంగ్లికన్ చర్చి వెలుపలి చాపెల్‌కు, అంటే దాని నుంచి విడిగా ఉన్న బాప్టిస్టులు, ఇండిపెండెంట్లు వంటి క్రైస్తవ సంఘాలకు చెందినవారయ్యే అవకాశం బాగా ఉంది. 1754 మార్చి 25 నుంచి అమల్లోకి వచ్చిన హార్డ్‌విక్ వివాహ చట్టం ప్రకారం క్వేకర్లు (మరో క్రైస్తవ శాఖవారు), యూదులు తప్ప అందరూ పెళ్లి ఆంగ్లికన్ చర్చిలోనే చేసుకోవాలి. 1837లో వేరే దారులు తెరుచుకునేదాకా అదే పరిస్థితి. అందుకే పెళ్లిళ్లు చర్చిలో ఉన్నాయి, బాప్తిస్మాలు చాపెల్‌లో జరిగాయి. చాలా చాపెళ్ల రిజిస్టర్లు 1837 తరువాత ప్రభుత్వానికి అప్పగించబడి, నేడు లండన్‌లోని క్యూ అనే ప్రాంతంలో ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఆర్‌జీ 4 అనే వరుసలో ఉన్నాయి. బాప్టిస్టులైతే శిశువులకు బాప్తిస్మం ఇవ్వరు కాబట్టి, అక్కడ జనన నమోదు కోసం చూడాలి.

ప్రశ్న: ఒక దంపతుల పెళ్లి 1731 అక్టోబర్‌లో, తొలి బిడ్డ బాప్తిస్మం 1731 ఫిబ్రవరిలో అని రిజిస్టర్‌లో ఉంది. పెళ్లికి ఎనిమిది నెలల ముందే బిడ్డా?

జవాబు: కాదు. 1752కు ముందు ఇంగ్లండ్‌లో సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. పాదిరి లెక్కలో 1731 ఫిబ్రవరి అక్టోబర్ తరువాత వచ్చింది, మన లెక్కలో అది 1732 ఫిబ్రవరి. మీ కాగితాల్లో దాన్ని 1731/32 అని రాసుకోండి. ఒక్క సంవత్సరం మాత్రమే రాస్తే మీ తరువాత చూసేవారు ఏ లెక్కలో రాశారో తెలియక మళ్లీ తప్పు చేస్తారు. రిజిస్టర్‌లోనే పేజీ తిప్పి చూస్తే డిసెంబర్, జనవరి, ఫిబ్రవరి దాటాక మార్చి 25 దగ్గర కొత్త సంవత్సరం శీర్షిక మీకు కనిపిస్తుంది. కేలండర్ మార్పు వల్ల 1752 సెప్టెంబర్‌లో 2వ తేదీ తరువాత 14 వచ్చింది కాబట్టి ఆ మధ్య తేదీలతో ఏ నమోదూ ఉండదు.

అంటే బిడ్డ బాప్తిస్మం పెళ్లయిన నాలుగు నెలలకు జరిగింది. ఆనాటి ఇంగ్లండ్ పల్లెల్లో వధువు గర్భవతిగా ఉండడం తరచుగా జరిగేదే, దాన్ని దాచవలసిన పని లేదు. పెళ్లి చాలావరకు వధువు పారిష్‌లో జరిగేది కాబట్టి, ఆమె కుటుంబాన్ని ముందు ఆ పారిష్‌లోనే వెతకండి. ఆమె అప్పటికే వితంతువైతే పెళ్లి రిజిస్టర్‌లో ఉన్నది మొదటి భర్త ఇంటిపేరు. అప్పుడు పుట్టింటి ఇంటిపేరు కోసం అదే రిజిస్టర్‌లో మొదటి పెళ్లిని, మొదటి భర్త ఖననాన్ని చూడాలి.