టెక్ సందేహాలు: ఫ్లిప్‌బుక్ సంగతి తర్వాత, డొమైన్ ఎవరి పేరున ఉంది?

ప్రశ్న: నాణేల సేకరణ మీద మా సంఘం తరఫున మూడు నెలలకోసారి 32 పేజీల పత్రిక తెస్తున్నాం. 250 కాపీలు. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశాక పంపకం మరీ భారమైంది. ప్రింటు ఆపేసి ఆన్‌లైన్‌కి మారదామనుకుంటున్నాం. మంచి ఫ్లిప్‌బుక్ సాఫ్ట్‌వేర్ చెప్పండి. – ఒక పాఠకుడు, రాజమండ్రి

జవాబు: ఏదీ వద్దండీ. మొక్కల పత్రికవాళ్లు, తపాలా బిళ్లలవాళ్లు, ఇప్పుడు మీరు, అందరిదీ ఇదే ప్రశ్న. పేజీ తిప్పితే చప్పుడు చేసే ఆ బొమ్మ పుస్తకం ఎడిటర్‌కి తప్ప ఎవరికీ నచ్చదు. ఫోన్లో రెండు వేళ్లతో పేజీని సాగదీసి, మొదటి కాలమ్ చివరిదాకా దిగి, మళ్లీ పైకి పాకి రెండో కాలమ్ పట్టుకునేసరికి వాక్యం ఎక్కడ ఆపామో మర్చిపోతాం.

మీ పాత పీడీఎఫ్‌లోంచి ఒక పేరా కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేయండి. ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా వచ్చాయా? మీ డీటీపీవారు, తెరమీద తెలుగులా కనిపించినా లోపల ఇంగ్లిష్ అక్షరాలే ఉండే అను ఫాంట్లలో కట్టి ఉంటారు. అలాగైతే ‘అసఫ్‌జాహీ నాణేలు’ అని వెతికినవాళ్లకు మీ వ్యాసం చచ్చినా దొరకదు. ఏ ఫోనైనా, సెర్చ్ అయినా గుర్తుపట్టే యూనికోడ్ తెలుగులోకి మార్చి మామూలు వెబ్ పేజీలుగా పెట్టండి. కన్వర్టర్ కొన్ని ఒత్తులు మింగేస్తుంది, ప్రూఫ్ తప్పదు.

నా టెన్షన్ అదికాదు. సైటు డొమైన్, అంటే దాని వెబ్ చిరునామా, ఎవరి పేరున కొంటారు? మామూలుగా ఉత్సాహంగా తిరిగే కుర్రాడొకడు తన కాలేజీ మెయిల్‌తో కొనేస్తాడు. ఉద్యోగం వచ్చి వెళ్లిపోతాడు. రెన్యువల్ హెచ్చరికలు ఎవరూ తెరవని ఆ మెయిల్‌కే పోతుంటాయి. గడువు దాటి డాట్‌కామ్ పేరు రద్దయితే, అదనపు ఫీజుతో వెనక్కి తెచ్చుకోడానికి 30 రోజులు. మరో ఐదు రోజులకు ఎవరైనా కొనుక్కోవచ్చు. కొనేది బెట్టింగ్ సైటువాళ్లయితే పరువే పోతుంది. దొంగ అయితే, మీ డొమైన్‌కి వచ్చే మెయిళ్లన్నీ అతనివే. ‘పాస్‌వర్డ్ మర్చిపోయాను’ అని నొక్కితే రీసెట్ లింకు అతనికే వెళ్తుంది. అక్కడినుంచి చందాదారుల షీటు ఎంత దూరం? ఎవరింట్లో పాత వెండి, బంగారు నాణేలున్నాయో డోర్ నంబరుతో సహా ఉన్న జాబితా అది! దాన్నీ ‘లింకు ఉన్నవారెవరైనా చూడొచ్చు’ అని వదిలేసేవాళ్లున్నారు. ఏమనాలి వాళ్లని?

డొమైన్ సంఘం పేరున, సంఘం పేరుతో విడిగా తెరిచిన మెయిల్‌తో కొనండి. ఒకేసారి 10 ఏళ్లకు కట్టొచ్చు. పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో కోడ్ కూడా అడిగే రెండంచెల లాగిన్ పెట్టి, రికవరీ కోడ్లు ఇద్దరి దగ్గర ఉంచండి.

ప్రింటు పూర్తిగా ఆపకండి. డిజిటల్ ప్రింటింగ్‌కి ప్లేట్లు అక్కర్లేదు, అడిగినవాళ్లకే 50 కాపీలు వేయొచ్చు. రెండు కాపీలు గ్రంథాలయాలకివ్వండి. వేటపాలెం సారస్వత నికేతనంలో ఎప్పటివో పత్రికలు ఇవాళ్టికీ తిరగేయొచ్చు, పాస్‌వర్డ్ అడగరు.

ఫొటోలు మాత్రం ఆన్‌లైన్‌లోనే పెద్దవిగా పెట్టండి. నాణెం మీద సంవత్సరం కింద ఉండే హైదరాబాద్ టంకశాల గుర్తు నక్షత్రం, నోయిడా టంకశాల గుర్తు చుక్క మీ నలుపు తెలుపు అచ్చులో రెండూ ఇంకు మరకల్లాగే ఉంటాయి.