వెదురు సైకిల్ ఫ్రేమ్ మన ఎండకు, వానకు ఆగుతుందా?

ఆగుతుంది, కాకపోతే బొంగు ముదురుదై, బాగా ఆరి, పైన నీళ్లు దిగని వార్నిష్ ఉండాలి. వెదురు బలమంతా నిలువుగా సాగే నారల్లో ఉంటుంది. వాటిని అడ్డంగా పట్టి ఉంచే బలం తక్కువ, అందుకే విరగడం కన్నా నిలువునా చీలడం ఎక్కువ.

ఉదాహరణకు, ఏటూరునాగారం వైపు నుంచి తెచ్చిన పచ్చి బొంగును వరంగల్ మే ఎండలో పడేస్తే పైపొర ముందే ఆరి పగుళ్లిస్తుంది. మూడేళ్లు దాటిన బొంగు కణుపులకు లోపలి నుంచి రంధ్రం పెట్టి, పురుగు పట్టకుండా బోరాక్స్, బోరిక్ యాసిడ్ అనే మందులు కలిపిన నీళ్లలో నానబెట్టాలి. రంధ్రం లేకపోతే మందు లోపలికి దిగదు, తర్వాత పురుగు పొడి రాలుస్తుంది. ఆపైన తేమ 10-12 శాతానికి దిగేదాకా నీడలోనే ఆరబెట్టాలి. ఇక్కడే తొందరపడతారు. సరిగా ఆరని బొంగు తర్వాత కుంచించుకుపోయి, బొంగులు కలిసే చోట అతుకు వదులవుతుంది.

బొంగే విరుగుతుందని చాలామంది అనుకుంటారు. మామూలుగా ముందు దెబ్బతినేది అతుకు. నున్నటి పైపొరను గరుకు కాగితంతో గీకకుండా జనపనార, ఎపాక్సీ (గట్టిపడే జిగురు) చుడితే పట్టు దొరకదు. హెడ్ ట్యూబ్ (హ్యాండిల్ కాడ తిరిగే ముందు గొట్టం), పెడల్ ఇరుసు గొట్టం మాత్రం లోహానివే వేస్తారు, బేరింగులు వెదురులో నిలవవు.