ముందు ఆకు తిప్పి చూడు

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న దీవెనలు.

కొబ్బరి మట్టలన్నీ మసి పట్టాయని, ఏ మందు కొట్టించాలో చెప్పమని అడిగావు. మందు సంగతి తర్వాత చూద్దామమ్మా. రేపు పొద్దున్నే భూతద్దం పట్టుకుని తోటలోకి వెళ్లి, కింది మట్టల్లో ఒక ఆకు తిప్పి చూడు.

అడుగున తెల్లటి మైనం చుట్టలు చుట్టలుగా ఉంటే అది సర్పిలాకార తెల్లదోమ. 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి వైపు బయటపడి, తర్వాత మన గోదావరి తోటలకూ వచ్చింది. రసం పీల్చి అది వదిలే తీపి జిగురు కింది ఆకుల మీద పడుతుంది. దాని మీద పెరిగేదే ఆ మసి. చూస్తే గుండె గుభేలుమంటుంది గానీ దానివల్ల చెట్టు చావదు, టెన్షన్ పడకు.

ఆ దోమ పిల్లలు ఏ రంగులో ఉన్నాయో చూడు. నల్లబడి ఉంటే వాటి లోపల ఎన్‌కార్సియా అనే, కంటికి సరిగా ఆనని కందిరీగ జాతి పురుగు పెరుగుతోందన్నమాట. దోమని లోపల్నుంచి తినేసేది అదే. నాకిది తెలియక మొదటి ఏడాది షాపువాళ్లిచ్చిన మందు రెండుసార్లు కొట్టించాను. దోమ కొన్నాళ్లు తగ్గి, మళ్లీ అంతకంతకూ పెరిగింది. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానానికి ఆకు పట్టుకెళితే గానీ, మనకి సాయం చేసేవాటిని నేనే చంపుకున్నానని అర్థం కాలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది. నల్లవి ఎక్కువుంటే మందు జోలికి పోకు. ఆ ఆకులు కొన్ని కోసి, నల్లవి కనిపించని చెట్లకు కట్టించు. మసికి పల్చటి గంజి నీళ్లు కొడితే ఎండి పెచ్చులుగా రాలిపోతుంది. నల్లవి ఎక్కడా లేకపోతే నువ్వూ ఆకు పట్టుకుని అంబాజీపేట వెళ్లు.

పది చెట్లకు సున్నం గుర్తు పెట్టి, వారం వారం వాటినే చూసి పుస్తకంలో రాసుకో. ఎండలు ముదిరే కొద్దీ దోమ పెరుగుతుంది, వానలు గట్టిగా పడితే తగ్గుతుంది. రాసి పెట్టుకుంటే ఆ తేడా నీకే తెలుస్తుంది.

చెట్టు తలలో కొత్త మట్టలు పుట్టే మొవ్వు మాత్రం కింద నుంచి కనపడదు. కాయల దింపు తీసేవాళ్లని ప్రతిసారీ అడుగు. కొత్త మట్ట కత్తెరతో కోసినట్టుంటే కొమ్ము పురుగు. వానాకాలం దాని ఉధృతి ఎక్కువ. దాని పిల్లలు పెరిగేది పెంటపోగులోనే. పోగు తిరగేయించి, అందులో లావుపాటి తెల్ల పురుగులుంటే కోళ్లకు వేసెయ్యి. కొమ్ము పురుగు చేసిన గాయాల్లోంచి ఎర్రముక్కు పురుగు దూరుతుంది. మానుకి ఎర్రటి జిగురు కారినా, చెవి ఆనిస్తే లోపల కొరుకుతున్న చప్పుడు వినిపించినా వారం దాకా ఆగకు, ఆ రోజే ఫోన్ చెయ్యి. నేను వచ్చేస్తాను.

మీ పెదనాన్న