అంబాసిడర్ టాపెట్లు ఇంట్లో సెట్ చేసుకోవచ్చా?

పాత పెట్రోల్ అంబాసిడర్‌కు టాపెట్ సెట్టింగు, అంటే వాల్వుకూ దాన్ని నొక్కే రాకర్ అనే మీటకూ మధ్య సందు సరిచేయడం, ఇంట్లోనే చేసుకోవచ్చా, దానితో ఇంజను టపటప పూర్తిగా పోతుందా అని మీరు అడిగారు. చేసుకోవచ్చు. అయితే ఆ చప్పుడు పూర్తిగా పోవాలన్న కోరికను ముందు మానుకోండి. మా నాన్నగారి కారులో వాల్వు కాలిపోవడానికి ఆ కోరికే కారణం.

తెనాలిలో ఉన్నప్పుడు ఒక మెకానిక్, ఆ సందు కొలిచే పలుచని రేకుల ఫీలర్ గేజ్ బయటికి తీయకుండానే, చెవినే నమ్ముకొని టాపెట్లు బిగించి, "ఇప్పుడు వినండి సార్, కుట్టుమిషనే" అంటూ కారు అప్పగించాడు. నాన్నగారు మురిసిపోయారు. రెండు నెలలు తిరిగేసరికి కారు లాగడం మానేసి, ఆగి ఉన్నప్పుడు వణకసాగింది. ప్లగ్ వైర్లను ఒక్కొక్కటిగా తీసి చూస్తే, మూడో సిలిండరు వైరు తీసినా ఇంజనులో ఏ మార్పూ లేదు. హెడ్డు దింపి చూడగా, దాని ఎగ్జాస్ట్ వాల్వు అంచు ఎలుక కొరికిన గారెలా ఉంది. సందు లేకపోతే, వేడికి సాగిన వాల్వు, మూసుకున్నప్పుడు ఆనవలసిన సీటు మీద పూర్తిగా కూర్చోదు. వాల్వు తన వేడిని ఎక్కువగా వదిలేది ఆ సీటు ద్వారానే. పైగా ఈ ఇంజనులో రెండు, మూడు సిలిండర్ల పొగ ఒకే దారిన బయటికి పోతుంది కనుక, ఆ మధ్యభాగం మరింత వేడెక్కుతుంది.

అప్పటినుంచి ఆ పని నేనే చేస్తున్నాను. తెల్లవారుజామున, ఇంజను పూర్తిగా చల్లబడి ఉండగా, ప్లగ్గులు తీసి హ్యాండిల్‌తో తిప్పుతాను. గుర్తుంచుకోవలసింది తొమ్మిది లెక్క ఒక్కటే: ఒకటో వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఎనిమిదోది సెట్ చేయాలి, నాలుగోది తెరుచుకున్నప్పుడు ఐదోది, ఇలా రెండు సంఖ్యలూ కలిపితే తొమ్మిది రావాలి. సందు 0.015 అంగుళం, అంటే దాదాపు 0.38 మిల్లీమీటర్లు. గేజ్ రేకు కొంచెం పట్టుతో జారాలి. లాక్ నట్ బిగించేటప్పుడు స్క్రూ తనతోపాటు తిరుగుతుంది కనుక, బిగించాక మళ్లీ కొలవాలి. మొదటిసారి అది తెలియక ఎనిమిదింటినీ రెండోసారి చేశాను.

ఇంత చేసినా చప్పుడు వస్తే రాకర్ అరిగి గుంట పడిందేమో చూడండి. గేజ్ రేకు ఆ గుంట మీదుగా వంతెనలా నిలిచి, అసలు సందును తక్కువ చేసి చూపిస్తుంది. దానికి మందు రాకర్‌ను బాగుచేయించడమే కాని, స్క్రూను మరికొంత తిప్పడం కాదు.

ఇక ఇంజను మీద వాల్వులను కప్పే పైమూతను పట్టి ఉంచే రెండు నట్లను బలంకొద్దీ బిగించే అలవాటు ఊరూరా ఉంది. కార్కు గాస్కెట్ నలిగిపోయి ఆయిల్ కారుతుంటే, "పాత బండి కదా, కారుతుంది" అని సమాధానం చెబుతారు. నేను చేత్తో తిప్పి, ఆపైన స్పానర్‌తో కొద్దిగానే బిగిస్తాను. మా ఇంజను ఇప్పటికీ కాస్త టపటపమంటుంది కాని, చుక్క ఆయిల్ కారదు.