స్టాఫ్ టికెట్ చేతిలో ఉన్నంత మాత్రాన సీటు ఉన్నట్టు కాదు

అమ్మా సింధూ,

లైన్ ట్రైనింగ్ పూర్తయి ఫస్ట్ ఆఫీసర్‌గా కుర్చీలో కూర్చున్నావు. ఆ సంతోషమంతా ఫోన్‌లోనే చెప్పేశాను కాబట్టి మళ్ళీ రాయను. నువ్వడిగిన స్టాఫ్ ట్రావెల్ సంగతి మాత్రం ఫోన్‌లో తేలేది కాదు, అందుకే ఈ ఉత్తరం. ఇంట్లో అప్పుడే అందరూ దేశాల లిస్టు రాసుకుంటున్నారని, మీ అత్తగారు "ఇక మనకి విమానాలన్నీ ఫ్రీయే" అని చుట్టాలందరికీ చెప్పేశారని విన్నాను. ఆవిడ ఉత్సాహం మీద నీళ్ళు చల్లాలని నాకేం సరదా లేదు గానీ, నువ్వు చల్లకపోతే ఏదో ఒక గేట్ దగ్గర ఎయిర్‌లైనే చల్లుతుంది.

ఒక్క ముక్కలో చెప్తాను. డబ్బులిచ్చి కొన్నవాళ్ళందరూ ఎక్కాక ఏమైనా మిగిలితే ఆ సీటు కోసం లైన్లో నిలబడే వీలు కంపెనీ మనకిస్తుంది, అంతే. దీన్ని జీతంలో భాగంగా లెక్కేసుకున్నవాళ్ళు ప్రతి సెలవుకీ తిట్టుకుంటూనే ఉంటారు. తీరిక, ఓపిక ఉన్నవాళ్ళు ప్రపంచమంతా చుట్టేస్తారు. పైలట్లలో ఈ రెండు రకాల వాళ్ళనీ చూశాను, వాళ్ళకున్న పాసులు మాత్రం ఒకటే.

ముందు డబ్బు సంగతి. సొంత కంపెనీ విమానాల్లో ఛార్జీ అసలు ఉండకపోవచ్చు, లేదా నామమాత్రంగా ఉండొచ్చు, కానీ ట్యాక్సులూ ఎయిర్‌పోర్ట్ ఛార్జీలూ చాలాచోట్ల మనమే కట్టాలి. దూరపు ప్రయాణాల్లో అవన్నీ కలిస్తే, సేల్‌లో దొరికే మామూలు టికెట్ కంటే ఏమంత తక్కువ అనిపించదు. వేరే ఎయిర్‌లైన్లలో వెళ్ళాలంటే రెండు కంపెనీల మధ్య ఒప్పందం ఉండాలి. ఎక్కువగా జెడ్ ఫేర్లనే స్టాఫ్ తగ్గింపు ఛార్జీలు ఉంటాయి, దూరాన్ని బట్టి రేటు, ఒప్పందాన్ని బట్టి లో, మీడియం, హై అని మూడు మెట్లు. ఇంకోవైపు ఐడీ50, ఐడీ75, ఐడీ90 అని పాత పద్ధతి టికెట్లు ఉన్నాయి, అంకె ఎంతో తగ్గింపు అంత శాతం. 90 శాతం అనగానే మురిసిపోకు, ఆ తగ్గింపు సేల్ రేటు మీద కాదు, పూర్తి ఛార్జీ మీద. ఇంకో చిన్న గుర్తు కూడా చూసుకో: ఆర్1 అని ఉంటే సీటు ముందే బుక్ చేసుకోవచ్చు, ఆర్2 అని ఉంటే ఖాళీ ఉంటేనే. ఈ ఒక్క అంకె చూసుకోక కుటుంబాన్ని వెంటేసుకుని ఎయిర్‌పోర్ట్‌కి వచ్చేసి, తర్వాత కౌంటర్లో గొడవపడే వాళ్ళున్నారు.

ఇప్పుడు అసలు కష్టం. 2024లో ప్రపంచం మొత్తం మీద విమానాల్లో సగటున 83.5 శాతం సీట్లు నిండాయని ఎయిర్‌లైన్ల అంతర్జాతీయ సంఘం ఐఏటీఏ లెక్క. అప్పటికి అదే రికార్డు. సగటే అంత ఉంటే, స్కూళ్ళ సెలవుల్లో, పండగల ముందు, శుక్రవారం సాయంత్రం ఏముంటుందో నువ్వే ఊహించుకో. లోడ్స్, అంటే ఏ ఫ్లైట్ ఎంత నిండిందో, చూడటం నేర్చుకో. పది సీట్లు ఖాళీ కనిపిస్తే సంబరపడకుండా, మనలాగే లిస్టులో ఎంతమంది ఉన్నారో, వాళ్ళలో మనకంటే ముందున్నవాళ్ళెవరో చూడాలి. మామూలుగా సొంత స్టాఫ్ తర్వాతే వేరే ఎయిర్‌లైన్ వాళ్ళు. సొంత స్టాఫ్‌లో కొన్ని కంపెనీలు చేరిన తేదీని చూస్తాయి, కొన్ని ముందు చెక్ఇన్ అయినవాళ్ళకి ఇస్తాయి. చేరిన తేదీయే లెక్కయితే, ఇరవై ఏళ్ళ క్రితం బ్యాగేజీలో చేరినాయన నీకంటే ముందు ఎక్కుతాడు, నీ భుజం మీద ఎన్ని చారలున్నా సరే. అది న్యాయమే అంటాను నేను. వీలైతే రోజులో మొదటి ఫ్లైట్‌కే లిస్ట్ అవ్వు. దాంట్లో దొరక్కపోతే తర్వాతి దానికి చూసుకోవచ్చు. సాయంత్రం ఆఖరి ఫ్లైట్ పోతే ఆ రాత్రికి ఇక దారి లేదు. ఇంకోటి, ముందు ఫ్లైట్ క్యాన్సిల్ అయిందా, ఆ ప్రయాణికులంతా తర్వాతి ఫ్లైట్ల మీద పడతారు, నువ్వు పొద్దున చూసిన ఖాళీలు మధ్యాహ్నానికి మాయం.

ఇంటివాళ్ళకి ఎంత చెప్పినా అర్థం కానిది ఇంకోటుంది, పైలట్‌వి కాబట్టి నువ్వే కూర్చోబెట్టి చెప్పాలి. కళ్ళ ముందు సీట్లు ఖాళీగా ఉన్నా తలుపులు మూసేస్తారు. ఎండ మండిపోయే మధ్యాహ్నం, రన్‌వే పొడవు తక్కువ, దానికితోడు గమ్యంలో వాతావరణం బాలేదని ఆల్టర్నేట్‌కి, అంటే అక్కడ దిగలేకపోతే వెళ్ళాల్సిన ఎయిర్‌పోర్ట్‌కి, అదనపు ఇంధనం వేశారనుకో, టేకాఫ్ బరువు లెక్క దాటకూడదు కాబట్టి ఎవరినో దించాలి. టికెట్ కొన్నవాళ్ళని దించరు కదా. గేట్ ఏజెంట్ ఫోన్‌లో రెండు మాటలు విని, స్క్రీన్ చూసి, మన వైపు చూడకుండానే లిస్ట్ క్లోజ్ చేస్తుంది. లోపల పదో పదకొండో సీట్లు ఖాళీగా పోతాయి. ఆ అమ్మాయితో వాదించి లాభం లేదు, ఆ లెక్క వేసింది నీలాంటి వాళ్ళే.

అందుకని కొన్ని ప్రయాణాలకి స్టాఫ్ టికెట్ ఊసే ఎత్తొద్దు. పెళ్ళి, పరీక్ష, ఆపరేషన్, ఓడ ఎక్కాల్సిన రోజు, వీటికి డబ్బు పెట్టి టికెట్ కొను, నిశ్చింతగా వెళ్ళు. అన్నిటికంటే ముఖ్యం నీ డ్యూటీ. డ్యూటీ మొదలయ్యే బేస్ ఒక ఊళ్ళో, ఇల్లు ఇంకో ఊళ్ళో పెట్టుకుని స్టాండ్‌బైలో, అంటే ఇలా ఖాళీ సీటు కోసం ఎదురుచూస్తూ, రాకపోకలు సాగించేవాళ్ళు బోలెడంత మంది, వాళ్ళ బాధ వాళ్ళకే తెలుసు. రిపోర్టింగ్ టైమ్‌కి సరిగ్గా ముందున్న ఆఖరి ఫ్లైట్‌లో బయల్దేరతాననే ఆలోచన మానుకో. కనీసం రెండు మూడు ఫ్లైట్ల ముందే, కుదిరితే ముందు రోజే చేరిపో. ఎలాగో సీటు దొరికి వెళ్ళినా, నిద్ర లేకుండా కాక్‌పిట్‌లో కూర్చుంటే అది రూల్స్ ప్రకారమూ తప్పే, వెనకున్న ప్రయాణికుల ప్రాణాల మీదకీ వస్తుంది.

తిరుగు ప్రయాణం గురించి జనం ఆలోచించరు. వెళ్ళేటప్పుడు ఖాళీగా ఉన్న ఫ్లైటే వచ్చేటప్పుడు కిటకిటలాడొచ్చు. సెలవు చివరి రోజున రావాలనుకోకుండా రెండ్రోజుల వెసులుబాటు పెట్టుకో. ఎయిర్‌లైన్ మైళ్ళు పోగేసి ఉంటే, ఫీజు లేకుండా రద్దు చేసుకోగలిగే రివార్డ్ టికెట్ ఒకటి తిరుగు రోజుకి వేసి ఉంచు, స్టాండ్‌బై దొరికితే దాన్ని క్యాన్సిల్ చెయ్యి. కొన్ని దేశాల ఇమిగ్రేషన్‌లో కన్ఫర్మ్ అయిన రిటర్న్ టికెట్ చూపించమంటారు, స్టాండ్‌బై టికెట్ చూపిస్తే ఒప్పుకుంటారన్న గ్యారంటీ లేదు, ఇదీ ముందే కనుక్కో. వీసా గడువు ఆఖరి రోజుదాకా అక్కడే ఉండి, ఆ రోజు స్టాండ్‌బైలో నిలబడటం మాత్రం చచ్చినా చెయ్యొద్దు.

ఫ్లైట్ దొరక్కపోతే హోటల్ ఎవరిస్తారని మీ ఆయన అడిగాడట. ఎవరూ ఇవ్వరు. యూరప్‌లో ఫ్లైట్ ఆలస్యమైతే పరిహారం ఇప్పించే ఈయూ261 నిబంధన ఉంది కదా, ఉచితంగా గానీ, బయటివాళ్ళకి దొరకని తగ్గింపు ఛార్జీతో గానీ వెళ్ళేవాళ్ళకి అది వర్తించదని అందులోనే రాసి ఉంది. కాబట్టి ఒక రాత్రి గది అద్దె, తిండి ఖర్చు, అవసరమైతే అక్కడికక్కడ టికెట్ కొనేంత బ్యాలెన్స్ కార్డులో ఉంచుకునే బయల్దేరండి. సామాను క్యాబిన్ బ్యాగ్ దాటనీయకు. పెద్ద సూట్‌కేసు చెక్ఇన్‌లో వేశాక సీటు రాకపోతే, దాన్ని వెనక్కి తెప్పించుకోవడం పెద్ద తలనొప్పి, ఒక్కోసారి అది నీకంటే ముందే ఊరు చేరుతుంది. పిల్లల మందులు, ఒక జత బట్టలు ఎప్పుడూ చేతి సంచిలోనే.

కుటుంబంతో వెళ్ళేటప్పుడు ఇంట్లోనే ఒకటి తేల్చుకోవాలి: ఇద్దరికే సీట్లొస్తే ఇద్దరు వెళ్ళిపోతారా, అందరూ ఆగిపోతారా? అందరినీ ఒకే బుకింగ్‌లో పెడితే, ఒక్క సీటే మిగిలినప్పుడు మిమ్మల్ని దాటేసి తర్వాతి వాళ్ళకి ఇచ్చేయొచ్చు. విడిపోవడానికి సిద్ధమైతే రెండు బుకింగులుగా లిస్ట్ చెయ్యి, ప్రతి బుకింగ్‌లో ఒక పెద్దవాళ్ళు ఉండేలా. గేట్ దగ్గర నిలబడి ఈ చర్చ మొదలుపెడితే పిల్లలు ఏడుస్తారు, మీ ఆయన ముఖం మాడిపోతుంది, ఈలోపు ఆ సీటు ఇంకెవరికో పోతుంది.

బట్టల గురించి నవ్వులాటగా తీసుకోకు. 2017 మార్చిలో డెన్వర్‌లో, యునైటెడ్ ఫ్లైట్‌కి పాస్ మీద వచ్చిన ఇద్దరమ్మాయిల్ని లెగ్గింగ్స్ వేసుకున్నారని ఎక్కనివ్వలేదు. ప్రపంచమంతా తిట్టిపోసింది. మామూలు ప్రయాణికులకి ఆ రూల్ లేదు, పాస్ మీద వచ్చేవాళ్ళకే అని కంపెనీ చెప్పింది. ఆ రూల్ మంచిదా చెడ్డదా అన్నది పక్కన పెట్టు, నాకైతే అతిగానే అనిపించింది. కానీ మీ కంపెనీ రూల్ ఏంటో చదివి ఇంట్లో అందరికీ ముందే పంపించు. గేట్ దగ్గర లిస్టులో పేరుంటే పిలుస్తారు, మాటిమాటికీ వెళ్ళి అడగొద్దు. "మా కోడలు ఇదే కంపెనీలో పైలట్" అని పక్క సీటాయనకి వినిపించేలా చెప్పొద్దని మీ అత్తగారికి కాస్త మెల్లిగా చెప్పు. బిజినెస్ క్లాస్ ఇస్తారా అని నోరు తెరిచి అడగడం అస్సలు వద్దు. ఇస్తే థ్యాంక్స్ చెప్పి కూర్చోవాలి, భోజనం సరిపోకపోతే కిక్కురుమనకుండా ఉండాలి. క్రూకి ఒక చాక్లెట్ డబ్బా తీసుకెళ్ళే అలవాటు చాలామందికి ఉంది, మంచి అలవాటు.

బంధువులకీ స్నేహితులకీ ఇచ్చే బడ్డీ పాసుల విషయంలో మాత్రం నువ్వు కాస్త కటువుగా ఉండాలి. వాళ్ళేం చేసినా అది నీ పేరు మీదే రాస్తారు, గొడవ వాళ్ళది, సస్పెన్షన్ నీది. పాస్ అమ్మితే, పెట్రోలు డబ్బులన్న పేరుతో తీసుకున్నా, ఉద్యోగం పోవచ్చు. పోయినవాళ్ళు ఉన్నారు. పన్ను కోణం కూడా ఉంది. అమెరికాలో అయితే ఉద్యోగి, జీవిత భాగస్వామి, వాళ్ళ మీద ఆధారపడిన పిల్లలు, తల్లిదండ్రులు ఇలా ఖాళీ సీట్లలో తిరిగితే దాన్ని ఆదాయంగా లెక్కించరు, స్నేహితులకిచ్చిన పాస్ విలువ మాత్రం లెక్కలోకి వస్తుంది. నువ్వున్న చోట రూల్ ఏంటో పేరోల్ వాళ్ళని అడుగు. కాదనడానికి మొహమాటమైతే "ఈ ఏడాది కోటా అయిపోయింది" అనేసెయ్, కోటా ఎటూ త్వరగానే అయిపోతుంది.

జంప్‌సీట్, అంటే కాక్‌పిట్‌లో ఉండే అదనపు సీటు, నీ ఒక్కదానికే, ఇంటివాళ్ళకి కాదు. దానికి కంపెనీ రూలూ, ఆ దేశం రూలూ రెండూ ఒప్పుకోవాలి, 2001 తర్వాత చాలాచోట్ల కట్టుదిట్టం చేశారు. చివరి మాట ఎప్పుడూ ఆ ఫ్లైట్ కెప్టెన్‌దే. ఏజెంట్ సరేనన్నా సరే, కాక్‌పిట్ గుమ్మం దగ్గర ఆగి, పేరు చెప్పి, కార్డులు చూపించి, "కెప్టెన్, మీకు అభ్యంతరం లేకపోతే" అని అడిగాకే లోపల అడుగు పెట్టు. పదివేల అడుగుల కింద నోరు మెదపొద్దు. దగ్గర్లో వేరే విమానం ఏదైనా కనిపించి వాళ్ళు చూడలేదనిపిస్తే మాత్రం చెప్పు, అది వేరు.

ఇంత చెప్పి భయపెట్టేశానేమో. అన్నిట్లోకీ హాయైనది లేఓవర్‌కి, అంటే డ్యూటీలో వేరే ఊళ్ళో రాత్రి ఆగాల్సినప్పుడు, మీ ఆయన్ని వెంట తీసుకెళ్ళడం. మంగళ, బుధవారాల్లో, రద్దీ లేని నెలలో, నీకు రెండు రాత్రులు లేఓవర్ పడినప్పుడు, నువ్వు నడిపే ఫ్లైట్‌లోనే అతను వెనక కూర్చుని వస్తాడు. గదిలో ఇంకొకరు ఉండటానికి కంపెనీ ఒప్పుకుంటే హోటల్ ఖర్చు కూడా ఉండదు. కాకపోతే తిరుగు ఫ్లైట్ నిండిపోతే నువ్వు ముందు సీట్లో వచ్చేస్తావు, అతను అక్కడే మిగిలిపోతాడు, దానికి అతను మానసికంగా సిద్ధపడాలి. నిద్ర టైమ్‌లో ఊరు చూద్దాం పద అని నిన్ను లాగకూడదు, అదీ షరతే. మీ పెద్దమ్మ నాతో తిరిగిన ఊళ్ళన్నీ ఇలా చూసినవే.

ఇక పేర్లు నమోదు చేసే పని ఈ వారమే చూడు. కొన్ని కంపెనీల్లో ఏడాదికి ఒక్కసారే మార్చనిస్తారు. అత్తమామల్ని తల్లిదండ్రుల కింద చేర్చనిస్తారా లేదా, పిల్లలకి ఏ వయసుదాకా, రిటైరయ్యాక ఎన్నేళ్ళ సర్వీసుంటే పాసులు మిగులుతాయి, ఇవి హెచ్ఆర్ దగ్గర రాతపూర్వకంగా తీసుకో. పేర్లు పాస్‌పోర్ట్‌లో ఉన్న స్పెల్లింగ్‌తోనే ఎక్కించు, ముఖ్యంగా మీ నాన్నది. వాడి ఇంటిపేరు ఒక్కో కాగితంలో ఒక్కోలా ఉంటుంది, చిన్నప్పటి నుంచీ అంతే.

మీ పెదనాన్న